తెలియని ఓడ ఎక్కే ముందు

ఈ మధ్య ఒక శుక్రవారం మదనపల్లెలో జుమా నమాజు ముగిశాక ఒక సోదరుడు మా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. ఆయనది పుంగనూరు. కుట్టుమిషను మీద సంసారాన్ని నెట్టుకొచ్చిన మనిషి. ఇరవై ఏళ్లుగా భార్యాభర్తలిద్దరూ కొద్దికొద్దిగా కూడబెట్టిన సొమ్ముతో ఉమ్రాకు వెళ్లాలని సంకల్పించుకున్నారు. కుప్పంలో ఉంటున్న కూతురు, అల్లుడు కూడా వెంట వస్తామన్నారట. ఆయన సంచిలోంచి మూడు కరపత్రాలు తీసి మా ముందు పరిచారు. మూడూ మూడు ట్రావెల్స్ వారివి. వారిలో ఒక్కరి పేరు కూడా ఆయన అంతకు ముందు వినలేదు.

మొదటి కాగితంలో భోజనం గురించి పెద్ద అక్షరాలతో రాశారు. మూడు పూటలా మన వైపు వంట, ఉదయం ఇడ్లీ, శుక్రవారం బిర్యానీ, రాత్రి సులేమానీ చాయ్. రెండవ దానిలో హరమ్ షరీఫ్‌కు దగ్గరలో హోటలు, గదికి నలుగురే అని ఉంది. మూడవది మిగతా రెండింటి కంటే మనిషికి దాదాపు ఇరవై వేలు తక్కువ. పైగా బ్యాగు, ఇహ్రామ్ బట్టలు, జమ్‌జమ్ నీళ్లు ఉచితం.

"హజ్రత్, మా ఇంటామెకు షుగరు. తిండి సంగతి చూసుకోవాలి. అమ్మాయేమో హోటలు దగ్గరుండాలంటుంది. అల్లుడు తక్కువ రేటుకే పోదామంటాడు. మీరు ఎవరితో పొమ్మంటే వాళ్లతోనే పోతాం" అన్నారాయన. కాసేపు ఆగి, తల వంచుకుని మళ్లీ అన్నారు: "అయినా అల్లాహ్ ఇంటికి పోతూ ఇట్లా కూరలూ గదులూ లెక్కేసుకోవడం తప్పేమో."

ఆ సోదరుడు అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. పవిత్ర యాత్రకు వెళ్లేవారు వసతులను, ధరలను పోల్చి చూసుకోవడం విశ్వాసానికి తగని పనా? ఇది మొదటిది. తెలియని మనిషి చేతిలో మన సొమ్మును, మన యాత్రను పెట్టేటప్పుడు ఎవరి మాటను ఆధారం చేసుకోవాలి? ఇది రెండవది. మొదటి ప్రశ్నకు మేము అక్కడికక్కడే జవాబు చెప్పాము. రెండవ ప్రశ్న దగ్గర మా నోరు పెగల్లేదు. దానికి కారణం ఉంది. అది తర్వాత చెబుతాము.

పోల్చి చూడటం తవక్కుల్‌కు విరుద్ధమా?

దైవప్రవక్త (సఅసం) కాలంలో యెమన్ నుంచి కొందరు హజ్ యాత్రకు వచ్చేటప్పుడు దారి బత్తెం తెచ్చుకునేవారు కారు. మేము అల్లాహ్‌నే నమ్ముకున్న వాళ్లం అని చెప్పుకునేవారు. తీరా మక్కా చేరాక జనం ముందు చేయి చాచేవారు. ఈ సందర్భంలోనే ప్రయాణానికి సామగ్రి సమకూర్చుకోండనీ, సామగ్రిలో అన్నింటికంటే ఉత్తమమైనది దైవభీతి అనీ బోధించే ఆయతు (అల్ బఖరా: 197) అవతరించిందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. ఇక్కడ మనం ఒక విషయాన్ని గమనించాలి. దైవభీతి ఉంటే చాలు, బత్తెం అక్కర్లేదని ఆ ఆయతు చెప్పలేదు. రెంటినీ వెంట ఉంచుకోమన్నది. ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయాలా, వదిలేసి తవక్కుల్ చేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టేసి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని మహాప్రవక్త (సఅసం) చెప్పిన విషయం తిర్మిజీ ఉల్లేఖనం ద్వారా మనందరికీ తెలుసు.

దీనికి మరింత దగ్గరగా ఉన్న సంఘటన హజ్రత్ ఉమర్ (రజి) జీవితంలో జరిగింది. ఆయన సిరియాకు వెళుతుండగా అక్కడ ప్లేగు వ్యాపించిందని దారిలో కబురు వచ్చింది. సహచరులతో సంప్రదించి ఆయన వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ రాసిన విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. దానికి హజ్రత్ ఉమర్ (రజి) ఒక ఉపమానం చెప్పారు. ఒక లోయకు రెండు అంచులున్నాయి. ఒకవైపు పచ్చిక, ఒకవైపు ఎండు నేల. నీ ఒంటెలను పచ్చిక వైపు మేపినా అల్లాహ్ విధి ప్రకారమే, ఎండు నేలలో మేపినా అల్లాహ్ విధి ప్రకారమే కదా అన్నారు. అంటే రెండు పక్కలనూ చూసి మేలైన దానిని ఎంచుకోవడం కూడా విధిలో భాగమే. కళ్లు మూసుకుని ఎండు నేలలోకి తోలడం తవక్కుల్ కాదు.

కనుక షుగరు ఉన్న భార్యకు వేళకు తగిన తిండి దొరుకుతుందా అని విచారించడం ఆ సోదరుని బాధ్యత. అది ఆమె హక్కు. మోకాళ్ల నొప్పులున్న తల్లి కోసం దగ్గరి హోటలు వెతకడమూ అటువంటిదే. అయితే అవసరం ఒకటి, ఆడంబరం ఇంకొకటి. హజ్రత్ అనస్ (రజి) ధనవంతుడై ఉండి కూడా సాదా జీను వేసిన ఒంటె మీదే హజ్‌కు వెళ్లారు. అది పిసినారితనం కాదు, దైవప్రవక్త (సఅసం) కూడా అలాగే వెళ్లారని ఉల్లేఖనం చెబుతోంది. తిరిగి వచ్చాక బంధువుల ముందు హోటలు పేరు చెప్పుకోవడానికి పోల్చేవాడి లెక్క వేరు, రోగిష్టి భార్య తవాఫ్ చేయగలగాలని పోల్చేవాడి లెక్క వేరు. కాగితాలు ఇద్దరి చేతుల్లోనూ అవే. సంకల్పాలు వేరు.

ఓడల కాలం నాటి పాఠం

తెలియని వారితో ప్రయాణం కట్టుకోవడం మనతో మొదలైంది కాదు. మన తాతల కాలంలో ఈ ప్రాంతం నుంచి హజ్‌కు వెళ్లేవారు రైలెక్కి బొంబాయి చేరి, ముసాఫిర్‌ఖానాలలో దిగి, అక్కడి నుంచి ఓడలో జిద్దాకు వెళ్లేవారు. మొగల్ లైన్ కంపెనీ వారి 'ముహమ్మదీ', 'ఇస్లామీ', 'అక్బర్' వంటి ఓడల పేర్లు ఆనాటి హాజీల ఇళ్లలో అందరికీ తెలుసు. బొంబాయి నుంచి జిద్దాకు హాజీలను ఓడల్లో పంపే పద్ధతి 1995లో నిలిచిపోయింది. ఆ తర్వాత అంతా విమానాలే.

అంతకు ముందరి కాలం ఇంకా కష్టమైనది. ఆవిరి ఓడలు వచ్చిన కొత్తలో హాజీల ప్రయాణం లాభసాటి వ్యాపారమైంది. లెక్కకు మించి జనాన్ని ఎక్కించేవారు. ఈ ఓడల గురించి బ్రిటీష్ ప్రభుత్వం పలుమార్లు చట్టాలు చేయాల్సి వచ్చింది. 1895 నాటి యాత్రికుల ఓడల చట్టం వాటిలో ఒకటి. 1886లో హాజీల ప్రయాణ ఏర్పాట్లను థామస్ కుక్ అనే పేరుమోసిన ఇంగ్లీషు కంపెనీకి అప్పగించారు. అదే కంపెనీ ఈజిప్టులో నైలు నది మీద ధనవంతుల విహారయాత్రల కోసం సుఖమైన నౌకలు నడిపేది. హాజీల ఏర్పాటు మాత్రం ఎక్కువ కాలం సాగలేదు. 1893లో ముగిసిపోయింది.

ఆ కాలపు ఒక సంఘటనను ప్రతి యాత్రికుడూ తెలుసుకోవాలి. 1880లో సింగపూర్, పినాంగ్‌ల నుంచి తొమ్మిది వందలకు పైగా యాత్రికులతో 'జిద్దా' అనే ఓడ బయలుదేరింది. ఆగస్టు నెలలో ఆఫ్రికా కొన దగ్గర తుఫాను వాతావరణంలో బాయిలర్లు కదిలిపోయి, ఓడలోకి నీళ్లు రాసాగాయి. యాత్రికులు నీళ్లు తోడిపోస్తూ ఉండగా కెప్టెను, అతని అధికారులు కొందరు రాత్రివేళ పడవ దింపుకుని ఓడను వదిలేసి వెళ్లిపోయారు. వేరొక ఓడ వారిని ఎక్కించుకుని ఏడెన్ రేవుకు చేర్చింది. ఓడ మునిగిపోయింది, యాత్రికులు పోయారు అని వారు అక్కడ చెప్పారు. మరునాడే ఆ 'జిద్దా' ఓడను మరో ఓడ లాక్కుంటూ అదే రేవుకు తెచ్చింది. యాత్రికులు బతికే ఉన్నారు. విచారణ జరిగి కెప్టెను లైసెన్సును మూడేళ్లపాటు రద్దు చేశారు. ప్రసిద్ధ ఆంగ్ల నవల 'లార్డ్ జిమ్'కు ఈ సంఘటనే ఆధారమైంది.

ఆ యాత్రికులు టికెట్టు కొనేముందు ఏం విచారించి ఉంటారు? చార్జీ ఎంత, ఓడ పెద్దదా చిన్నదా, బియ్యం నీళ్లు ఎవరివి, ఎన్నాళ్లకు చేరుస్తారు. ఇవి అడగవలసినవే. మరో సంగతి ఏమిటంటే, ఆ ఓడ కంపెనీని నడిపింది సింగపూర్‌లో పేరున్న అరబ్బు ముస్లిం వర్తక కుటుంబం. ఓడ పేరు కూడా పవిత్ర యాత్రకు తగినదే. యజమాని మనవాడు, పేరు మనది అనుకుని ఎంతమంది ధైర్యంగా ఎక్కారో! నీళ్లు వచ్చిన రాత్రి మాత్రం వారికి ఉపయోగపడిన ప్రశ్న ఒక్కటే. ఈ ఓడకు జవాబుదారీ ఎవరు? ఆపద వస్తే ఆయన మనతో ఉంటాడా, పడవ దింపుకుని పోతాడా?

విహారానికి వెళ్లేవాడు కూడా నౌకను ఎంచుకునే ముందు తిండి, ధర, నౌక సైజు అడుగుతాడు. మోసపోతే అతనికి పోయేది సెలవులు, కొంత సొమ్ము. ఉమ్రాకు వెళ్లే పేద దంపతులకు పోయేది ఇరవై ఏళ్ల కష్టం, బహుశా జీవితంలో ఒక్కసారి వచ్చే అవకాశం.

బుట్ట అడుగున ఏముంది?

మదనపల్లె టమోటా మార్కెట్టు మన పాఠకులకు తెలిసినదే. అక్కడ అనుభవమున్న వ్యాపారి పై వరుస కాయలు చూసి ధర కట్టడు. బాక్సును ఒంచి అడుగు కాయలు చూస్తాడు. దైవప్రవక్త (సఅసం) ఒకసారి బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి లోపలికి చేయి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. వాన పడి తడిసిందని అమ్మేవాడు చెప్పుకున్నాడు. జనానికి కనబడేలా ఆ తడి భాగాన్ని పైన ఎందుకు ఉంచలేదని నిలదీసి, మోసగించేవాడు మావాడు కాడని ఆయన హెచ్చరించారు (సహీహ్ ముస్లిం).

కరపత్రంలోని బిర్యానీ, హోటలు ఫోటో, ఉచిత బ్యాగు పై వరుస కాయలు. అడుగున ఏముందో కాస్త చూద్దాం. యాత్రకయ్యే ఖర్చులో విమానం టికెట్టు, వీసా, మక్కా మదీనాలలో గదులు, బస్సులు, భోజనం ఉంటాయి. మనం ఇచ్చేది రూపాయలు, అక్కడ కట్టేది రియాళ్లు. రమజాన్‌లో గదుల అద్దె బాగా పెరుగుతుంది. ఇవన్నీ అందరు ట్రావెల్స్ వారికీ ఉండేవే. అలాంటప్పుడు ఒకరు మిగతావారి కంటే ఇరవై వేలు తక్కువకు ఎలా తీసుకువెళ్లగలరు? గదిలో ఎక్కువమందిని ఉంచవచ్చు. హోటలు దూరంగా ఉండవచ్చు. విమానం మారి మారి వెళ్లవచ్చు. ఇవి తప్పులు కావు, ముందే చెబితే చాలు. అలా కాక ఈ నెల వచ్చిన వారి అడ్వాన్సుతో గత నెల వారిని పంపుతూ ఉంటే మాత్రం అది ప్రమాదం. ఎక్కడో ఒకచోట గొలుసు తెగుతుంది. తెగినప్పుడు వరుసలో చివర ఉన్నవాడు మునుగుతాడు.

"దగ్గర" అనే మాటను కూడా ఒంచి చూడాలి. మక్కా కొండల మధ్య ఉన్న నగరం. కాగితం మీద కొన్ని వందల మీటర్లు, నడకలో ఎత్తు ఎక్కి దిగవలసిన దూరం కావచ్చు. "ఫలానా హోటలు, లేదా అదే స్థాయిది" అని రాసి ఉంటే ఆ "లేదా" అనే మాట దగ్గర ఆగి ప్రశ్నించాలి.

ఈ విచారణ లేకపోతే ఏం జరుగుతుందో ఇటీవలి సంవత్సరాలే చెబుతున్నాయి. 2024 హజ్ రోజుల్లో మక్కాలో ఎండ 50 డిగ్రీలు దాటింది. 1,301 మంది మరణించారనీ, వారిలో 83 శాతం అనుమతి లేకుండా వచ్చినవారేననీ సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. అనుమతి లేనివారికి గుడారాలు, చల్లటి బస్సులు వంటి సదుపాయాలు అందలేదు. విజిట్ వీసాల మీద జనాన్ని హజ్‌కు పంపారన్న కారణంతో ఈజిప్టు ప్రభుత్వం 16 ట్రావెల్ కంపెనీల లైసెన్సులు రద్దు చేసింది. వారి మరణాన్ని అల్లాహ్ స్వీకరించుగాక! వారిని పంపినవారు మాత్రం రేపు జవాబు చెప్పుకోవాలి. ఇక 2025లో మన దేశపు ప్రైవేటు టూర్ ఆపరేటర్ల వాటాగా ఉన్న సుమారు 52 వేల సీట్లు, సౌదీలో చేసుకోవలసిన ఏర్పాట్లు గడువులోగా పూర్తికాకపోవడంతో చిక్కులో పడ్డాయి. ప్రభుత్వం కల్పించుకున్నాక చివరికి 10 వేల మందికి మాత్రమే దారి తెరుచుకుంది. సొమ్ము కట్టి ఎదురుచూసిన వారిలో ఎవరికీ ఆ రోజు భోజనం పట్టిక గుర్తుకు వచ్చి ఉండదు.

ఎవరిని నమ్మాలి?

హిజ్రత్ సమయంలో దైవప్రవక్త (సఅసం), హజ్రత్ అబూబకర్ (రజి) మదీనాకు దారి చూపడానికి ఒక వ్యక్తిని కూలికి మాట్లాడుకున్నారు. అతని పేరు అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్. అతను అప్పటికి ముస్లిం కాదు, ఖురైషీయుల మతం మీదే ఉన్నాడు. కాని దారులు క్షుణ్ణంగా తెలిసినవాడు, మాట మీద నిలబడేవాడు. వారిద్దరూ తమ ఒంటెలను అతనికి అప్పగించి, మూడు రాత్రుల తర్వాత సౌర్ గుహ దగ్గరకు రమ్మన్నారు. చెప్పిన ప్రకారం అతను వచ్చాడు. ఇది సహీహ్ బుఖారీలో ఉన్న విషయం. ప్రాణాలకే ముప్పు ఉన్న ప్రయాణంలో మహాప్రవక్త (సఅసం) చూసినవి రెండు: పని తెలుసా, నమ్మకస్తుడా?

మరి నమ్మకస్తుడని తెలిసేదెలా? హజ్రత్ ఉమర్ (రజి) గురించి ఒక ప్రసిద్ధ ఉల్లేఖనం ఉంది. ఒక మనిషి మంచివాడని మరొకరు సాక్ష్యం చెప్పబోతే ఆయన మూడు ప్రశ్నలు వేశారు. అతని రాకపోకలు ఎరిగిన పొరుగువాడివా? దీనారు, దిర్హమ్ విషయంలో అతనితో లావాదేవీ చేశావా? అతనితో కలిసి ప్రయాణం చేశావా? మూడింటికీ లేదనే జవాబు వచ్చింది. అయితే నీకు అతను తెలియదు అన్నారు హజ్రత్ ఉమర్ (రజి). నమాజులో ముందు వరుసలో నిలబడటం, మృదువుగా మాట్లాడటం, చక్కటి గడ్డం ఇవేవీ ఆ మూడు ప్రశ్నలలో లేవు. అవి గౌరవించవలసినవే, కాని లావాదేవీకి సాక్ష్యాలు కావు.

మాట ఇచ్చేవారి బాధ్యత

ఇప్పుడు మేము మొదట దాటవేసిన సంగతి. కొన్నేళ్ల క్రితం ఒక ట్రావెల్స్ యజమాని మా దగ్గరకు వచ్చేవాడు. మొదటి వరుసలో నమాజు చేసేవాడు. మద్రసాకు చందా ఇచ్చాడు. పదిమందిని చేర్చితే ఒక సీటు ఉచితం అన్నాడు. మేము సంతోషించాము. అతనితో ఎన్నడూ ప్రయాణించింది లేదు, లావాదేవీ చేసింది లేదు. అయినా మంచి మనిషి అని పదిమందికి చెప్పాము. పదకొండవ సీటులో మేమూ వెళ్లాము. ఆ సీటు ఎలా వచ్చిందో ఆ పదిమందిలో ఎవరికీ చెప్పలేదు.

వారిలో కుప్పం వైపు నుంచి కొడుకుతో కలిసి వచ్చిన ఒక వృద్ధ వితంతువు ఉంది. పది నిమిషాల నడక అన్న హోటలు ఎత్తు మీద ఉంది. ఆమె మోకాళ్లు సహకరించలేదు. మక్కాలో గడిపిన రోజుల్లో అధిక భాగం నమాజులు గదిలోనే చేసుకుంది. మేము రోజూ హరమ్‌కు వెళ్లి వస్తుంటే ఆమె తలుపు దగ్గర కూర్చుని "నా కోసం దుఆ చేయండి హజ్రత్" అనేది. ఒక్కసారి కూడా నింద వేయలేదు. అది ఆమె సహనం. మాకు మాత్రం ఆ తలుపు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది.

ఫలానా పని కోసం సిఫారసు చేసిన వ్యక్తికి అది మంచిదైతే అందులో భాగముంటుందనీ, చెడ్డదైతే అందులోనూ భాగముంటుందనీ దివ్య ఖుర్ఆన్ (అన్ నిసా: 85) బోధిస్తోంది. సలహా అడగబడిన వ్యక్తి అమానతుదారుడని హదీసు చెబుతోంది. ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనను పెళ్లాడతామన్న ఇద్దరి గురించి అడిగినప్పుడు, దైవప్రవక్త (సఅసం) ఇద్దరిలో ఉన్న లోపాన్నీ దాచకుండా చెప్పి, ఉసామా (రజి)ను వివాహమాడమని సూచించారు (సహీహ్ ముస్లిం). సలహా అడిగిన చోట ఉన్నమాట చెప్పడం చాడీ కాదు, హక్కు తీర్చడం.

కమీషన్ తీసుకోవడమే పాపమా అని కొందరు అడుగుతారు. దలాలీ కూలిలో తప్పులేదని ఇబ్నె సీరీన్, హసన్ బస్రీ వంటి పెద్దల అభిప్రాయాన్ని ఇమామ్ బుఖారీ తన గ్రంథంలో పేర్కొన్నారు. తెలిసిన కూలి, తెలిసిన పని అయితే అది ధర్మసమ్మతమే. మార్కెట్టులో మండీ యజమానికి కమీషన్ ఉందని రైతుకు తెలుసు. కనుక ఆయన మాటను ఎంతవరకు నమ్మాలో రైతు తనకు తాను లెక్క వేసుకుంటాడు. మసీదులో కూర్చున్న వ్యక్తికి కమీషన్ ఉందని ఎవరూ అనుకోరు. ఆయన మాటను లెక్క వేయకుండా తీసుకుంటారు. దలాలీ చేస్తూ సలహాదారుగా కనిపించడం, ఆ సంగతి దాచడం, అందులో ఉంది దోషం. పైన ఎండు ధాన్యం, లోపల తడి. ఆ రాశి మాదే.

నిరుడు మేము కుప్పం వెళ్లి ఆ తల్లిని కలిశాము. జరిగినదంతా చెప్పి, క్షమించమని వేడుకున్నాము. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి ఇలా అన్నది: "మీరు ముందే చెప్పి ఉన్నా నేను వచ్చేదాన్నే హజ్రత్. కాకపోతే ఇంకొకరిని కూడా అడిగి వచ్చేదాన్ని."

ఈ ఒక్క మాటలో ఆమె మాకు ఒక పాఠం చెప్పింది. ఉచిత సీటు సంగతి దాచడం వల్ల మేము ఆమె నుంచి తీసుకున్నది సొమ్ము కాదు. ఇంకొకరిని అడిగే అవకాశాన్ని తీసుకున్నాము.

పుంగనూరు సోదరునికి చెప్పినది

కనుక ఆ శుక్రవారం మేము ఆయనకు ముందు ఈ కథంతా చెప్పాము. ఆ తర్వాత, ఈ ముగ్గురూ మాకు తెలియరు, తెలియని వారి గురించి సాక్ష్యం చెప్పలేము అన్నాము. ఆయన ముఖంలో కాస్త నిరాశ కనిపించింది. అప్పుడు కొన్ని ప్రశ్నలు కాగితం మీద రాసి ఇచ్చాము. పాఠకుల కోసం వాటిని ఇక్కడ ఉంచుతున్నాము.

నిరుడు వీరితో వెళ్లి వచ్చినవారెవరు? ట్రావెల్స్ వారు చూపించిన వారినే కాక, మీరు వెతికి పట్టుకున్న వారిని, ముఖ్యంగా స్త్రీలను, వృద్ధులను అడగండి. హోటలు పేరు, గదికి ఎంతమంది, వెళ్లే తేదీ, తిరిగి వచ్చే తేదీ, యాత్ర ఆగిపోతే ఎంత సొమ్ము ఎన్నాళ్లలో వాపసు ఇస్తారు, ఇవన్నీ రాసి ఇస్తారా? అప్పు లావాదేవీని రాసుకోమని ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయతు (అల్ బఖరా: 282) ఆదేశిస్తోంది. రాయమని అడగడం అనుమానించడం కాదు. అక్కడ జబ్బు చేస్తే ఎవరు వెంట ఉంటారు? వారి పేరేమిటి? హజ్ అయితే, ప్రభుత్వ జాబితాలో వీరి నమోదు ఉందా, వీసా హజ్ వీసాయేనా? చివరిగా, ఈ ట్రావెల్స్ మంచిదని మీకు చెప్పిన వ్యక్తికి దానివల్ల ఏమైనా ముడుతుందా? ఈ ప్రశ్నను ఇమామును కూడా అడగండి. అడిగితే బాధపడే ఇమాము మాట వినకండి.

రెండు వారాల తర్వాత ఆయన ఫోను చేశారు. ముగ్గురికీ ఆ ప్రశ్నలు వేశారట. ఒకరు రాసి ఇవ్వడం మా పద్ధతి కాదన్నారు. మరొకరు ముందు అడ్వాన్సు కట్టండి, తర్వాత మాట్లాడదాం అన్నారు. ఇంకొకరు, అదే బిర్యానీ కాగితం వారు, తమంతట తామే ఒక మాట చెప్పారట: "అన్నా, మా భోజనం బాగుంటుంది. కాని హోటలు దూరం. వదినగారికి నడక కష్టమైతే బస్సు మీద ఆధారపడాలి. ఆలోచించుకుని చెప్పండి." కొనేవాడు, అమ్మేవాడు నిజం చెప్పి, లోపాన్ని వెల్లడించుకుంటే వారి వ్యాపారంలో శుభం కలుగుతుందని హదీసు ఉంది. లోపం చెప్పిన ఆ మనిషితోనే వెళ్లాలని ఆ కుటుంబం నిర్ణయించుకుంది. అల్లుడు కూడా ఒప్పుకున్నాడట. వారు ఇంకా బయలుదేరలేదు. యాత్ర ఎలా సాగుతుందో అల్లాహ్‌కే ఎరుక. కాని తెలిసి ఎంచుకున్నారు, అడిగి ఎంచుకున్నారు. ఇక మీద చేసేది తవక్కుల్.

ఒక విషయం మాత్రం ఏ కాగితంలోనూ పోల్చి చూసుకోలేము. ఎవరి ఉమ్రాను అల్లాహ్ స్వీకరిస్తాడన్నది గది దూరాన్ని బట్టి తేలదు. గదిలో కూర్చుని హరమ్ వైపు చూస్తూ కన్నీరు పెట్టిన ఆ తల్లి నమాజు, రోజూ హరమ్‌లో మొదటి వరుసలో నిలబడిన మా నమాజు, ఈ రెంటిలో ఏది ఎక్కువ బరువు తూగుతుందో మేము ఊహించగలము. ఊహించినప్పుడల్లా మాకు భయం వేస్తుంది.

యా అల్లాహ్! నీ గృహాన్ని దర్శించాలని కోరుకునే ప్రతి పేద కుటుంబానికీ నమ్మకస్తులైన తోడును ప్రసాదించు. వారి సొమ్మును అమానతుగా పట్టుకున్నవారికి అమానతును నిలబెట్టుకునే శక్తినివ్వు. సలహా అడిగినప్పుడు నిజం చెప్పే ధైర్యాన్ని మాకు, పండితులందరికీ అనుగ్రహించు. మా వల్ల నష్టపోయినవారి హక్కును తీర్చుకునే అవకాశాన్ని ఈ లోకంలోనే కల్పించు. ఆమీన్.